గుర్రమెక్కే ముందు ఒక్క నిమిషం

తమ్ముళ్ళారా! ఈ హాస్టల్ అన్నం తిని మాకంటే ముందు బయటికి వెళ్ళిన అన్నలారా!

వార్షికోత్సవ సంచికకు కవితలు చాలా వచ్చాయి, మీరు పి.జి. చదువుతున్నారు కాబట్టి పిల్లలకు పనికొచ్చే పాఠం ఏదైనా రాయండి అని సంపాదక వర్గం వారు కబురు పంపారు. మేము చదివేది ఎం.ఎస్సీ. సైకాలజీ. ‘జ్ఞాపకశక్తికి పది సూత్రాలు’, ‘విజయానికి ఏడు మెట్లు’ లాంటిది రాస్తే మా పని సులువుగా అయిపోయేది. కానీ అలాంటివి మన నోటీసు బోర్డు మీద ఇప్పటికే మూడు అంటించి ఉన్నాయి. వాటిని ఎవరైనా నిలబడి చదవగా మేము చూడలేదు. అందుకని ఒంటి మీద దెబ్బలతో సహా మాకు తెలిసిన ఒక్క విషయం రాస్తున్నాం. గుర్రం ఎక్కే ముందు మనసునూ శరీరాన్నీ ఎలా కుదుటపరచుకోవాలి అన్నది ఆ విషయం.

నవ్వకండి. మన హాస్టల్‌కూ గుర్రానికీ ఏమిటి సంబంధం అంటారేమో. ఎన్.సి.సి. అంటే ఖాకీ బట్టలు, పరేడు, ఆదివారం టిఫిన్ అనే మనకు తెలుసు. అందులో రిమౌంట్ అండ్ వెటర్నరీ అని ఒక విభాగం ఉంది. సైన్యంలో గుర్రాలను, కంచరగాడిదలను, కుక్కలను పెంచి, శిక్షణ ఇచ్చి, వైద్యం చేసే దళం పేరు కూడా అదే. ఎన్.సి.సి.లో ఈ విభాగం యూనిట్లు ఎక్కువగా పశువైద్య కళాశాలల దగ్గర ఉంటాయి. గుర్రపు స్వారీ నేర్పుతారు. డిగ్రీలో ఉండగా ఈ హాస్టల్ నుంచి మేము అందులో చేరాం. ఈ సంవత్సరం ఇక్కడి తమ్ముళ్ళు ఇద్దరు చేరారని వార్డెన్ సార్ చెప్పారు. ఈ పాఠం ముందు వాళ్ళ కోసం, తరువాత మిగతా అందరి కోసం.

ఒక మాట. ఒక్కరి సంగతి చెబుతున్నప్పుడు కూడా ఇందులో ‘మేము’ అనే ఉంటుంది. ఒకే గదిలో పన్నెండు మందిమి, పన్నెండు ట్రంకు పెట్టెల మధ్య పడుకుని పెరిగినవాళ్ళకు ‘నేను’ అని రాయడానికి చెయ్యి రాదు. సర్దుకుని చదవండి.

చాందినీ మమ్మల్ని పడేసిన రోజు

మొదటి రెండు వారాలు మమ్మల్ని గుర్రం ఎక్కనివ్వలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మొదటి బస్సు పట్టుకుని వెళ్ళి, గుర్రపుశాల ఊడ్చి, నీళ్ళు పెట్టి, ఒళ్ళంతా బ్రష్‌తో రుద్ది మాలీసు చేయడమే పని. మాలో చాలామందికి ఎద్దులు తెలుసు, బర్రెలు తెలుసు. గుర్రం వేరు. నాలుగైదు వందల కిలోల బరువు ఉండి కూడా అది చిన్న కాగితం ఎగిరితే ఉలిక్కిపడుతుంది. పులికి, తోడేలుకు ఆహారమయ్యే జంతువుల్లో పుట్టింది కాబట్టి దానికి ధైర్యం కంటే పరుగు మీద నమ్మకం ఎక్కువ.

మూడో వారం చాందినీ అనే గుర్రం మాకు వచ్చింది. తెల్ల గుర్రం, పెద్ద వయసుది, చాలా నెమ్మది అని పేరు. మాకంటే ముందు ఎక్కిన పశువైద్య కళాశాల కుర్రవాడిని పది నిమిషాలు తిప్పి, దింపి, తోక ఊపుకుంటూ నిలబడింది. మేము రికాబులో ఎడమ కాలు పెట్టామో లేదో చెవులు వెనక్కి తిప్పింది. పైన కూర్చున్నామో లేదో ముందు కాళ్ళతో నాట్యం మొదలుపెట్టింది. మేము పగ్గాలు గట్టిగా లాగాం, తొడలు బిగించాం. అది ఇంకా ఎగిరింది. మేము ఇంకా బిగించాం. తరువాత అది గుర్రపుశాల వైపు దౌడు తీసింది, మలుపు దగ్గర మేము లేము. నోటి నిండా ఇసుక. ఎముకలు విరగలేదు గానీ మోచేయి చర్మం మొత్తం లేచిపోయింది. నెత్తి మీద హెల్మెట్ లేకపోతే ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదేమో.

మాకు నేర్పేది సైన్యం నుంచి వచ్చిన ఒక ఉస్తాద్. ఆయన పరుగెత్తుకు వస్తాడు, లేపుతాడు అనుకున్నాం. ఆయన ముందు గుర్రాన్ని పట్టుకున్నాడు, దాని మెడ నిమిరాడు, తరువాత మా దగ్గరికి వచ్చి హిందీలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: ‘బేటా, ఎక్కేటప్పుడు నీ ఊపిరి ఎక్కడుంది?’

ఆలోచిస్తే గుర్తొచ్చింది. కాలు రికాబులో పెట్టినప్పుడు బిగబట్టిన ఊపిరి కింద పడ్డాకే వదిలాం.

భయం గుర్రానికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడి నుంచి కొంచెం పాఠం. భయం వేస్తే మనిషి శరీరం ఏం చేస్తుందో గమనించండి. ఊపిరి ఛాతీలో పైపైనే ఆగుతుంది. భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి. కడుపును దాచుకోవడానికన్నట్టు నడుము ముందుకు వంగుతుంది. తొడలు బిగుసుకుంటాయి. చేతులు దొరికినదాన్ని పట్టుకుని తమ వైపు లాక్కుంటాయి. తాటిచెట్టు మీద కాలు జారితే ఇదే పని మన ప్రాణం కాపాడుతుంది. గుర్రం మీద ఇదే పని ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకంటే గుర్రానికి నేర్పిన భాషలో కాళ్ళతో నొక్కడం అంటే ‘పద’ అని. పగ్గాలు లాగడం అంటే ‘ఆగు’ అని. భయపడ్డవాడు రెండూ ఒకేసారి అంటాడు. పద, ఆగు, పద, ఆగు! పాపం అది ఏం చేయాలి? పైగా దాని చర్మం మామూలు చర్మం కాదు. ఒక్క ఈగ వాలితే ఆ ఈగ వాలిన చోట మాత్రమే చర్మాన్ని అదిలించగలదు. ఈగ బరువు తెలిసేదానికి మన తొడలు వణకడం తెలియదా?

దాని చూపు కూడా మనకు అర్థం కావాలి. కళ్ళు తలకు రెండు పక్కల ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ చూడగలదు. నుదురుకు ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం మాత్రం కనపడదు. అందుకే వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్ళినవాడు తన్ను తింటాడు. చెవులను దేనికది వేరుగా తిప్పగలదు. పైన కూర్చున్న మనవైపు ఒక చెవి తిప్పి ఉంచిందంటే మన మాట వింటున్నట్టు. రెండూ మెడకు అంటుకునేలా పడుకోబెట్టిందంటే కోపం వచ్చినట్టు.

ఈ విషయం మా ఉస్తాద్ అనుభవం ఒక్కటే కాదు. స్వీడన్‌లో కొందరు పరిశోధకులు చేసి 2009లో ప్రచురించిన ప్రయోగం మాకు చాలా నచ్చింది. మనుషుల చేత గుర్రాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి నాలుగుసార్లు నడిపించారు, కొందరి చేత స్వారీ చేయించారు. మనిషికీ గుర్రానికీ గుండె వేగం కొలిచారు. నాలుగోసారి బయలుదేరే ముందు, దారి పక్కన నిలబడ్డవాడు ఈసారి గొడుగు ఠపీమని తెరుస్తాడు అని మనిషికి చెప్పారు. గొడుగు ఎవరూ తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దానితోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. గొడుగు సంగతి గుర్రానికి ఎవరు చెప్పారు? మనిషి శరీరమే చెప్పింది.

ఇంకొకటి. బ్రిటన్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన పరిశోధనలో 28 గుర్రాలకు మనుషుల ముఖాల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖాన్ని అవి ఎడమ కన్నుతో ఎక్కువగా చూశాయి, గుండె కూడా త్వరగా వేగం పుంజుకుంది. ఫొటోకే ఇంత అయితే నిజం ముఖానికి ఎంతో!

సైకాలజీ విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే చదివే గుర్రం కథ ఒకటుంది. జర్మనీలో బెర్లిన్ నగరంలో వాన్ ఆస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు తన గుర్రం హాన్స్‌కు లెక్కలు నేర్పానని చెప్పేవాడు. మూడూ రెండూ ఎంత అంటే అది గిట్టతో నేలను అయిదుసార్లు తట్టి ఆగేది. 1904లో ఒక సంఘాన్ని వేసి పరీక్షించినా మోసం ఏమీ బయటపడలేదు. తరువాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఓపికగా పరీక్షించి 1907లో గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! సరైన అంకె దగ్గరికి రాగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే వెంట్రుకవాసి కదిలేది. హాన్స్ దాన్ని చూసి ఆగేది. హాన్స్‌కు లెక్కలు రావని లోకం నిరాశపడింది గానీ, మాస్టారి మనసులోని మాటను ఆయన మెడ కదలికలో చదవగలిగిన విద్యార్థి మన తరగతుల్లో ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఆ నిమిషంలో చేసేవి

మరి ఏం చేయాలి? భయపడకు అని మనసుకు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. మేము ప్రయత్నించాం. భయపడను, భయపడను అని జపిస్తే ప్రతి జపంలోనూ భయం ఉంటుంది. ఉస్తాద్ మమ్మల్ని వారం రోజులు మళ్ళీ మాలీసుకు పెట్టాడు. మాకు శిక్ష వేశాడనుకున్నాం. అదే పాఠమని తరువాత తెలిసింది.

గుర్రం దగ్గరికి పోయేటప్పుడు వెనక నుంచి కాకుండా, ఎడమ భుజం వైపు నుంచి ఏటవాలుగా, ఏదో ఒక మాట మాట్లాడుతూ పోవాలి. ఏం మాట్లాడినా ఫరవాలేదు, మా మిత్రుడొకడు ఎక్కాలు చదివేవాడు. మెడ మొదట్లో, జూలు ముగిసే చోట మూపు మీద చెయ్యి వేసి, గట్టిగా కాకుండా గోకుతున్నట్టు రుద్దాలి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునే చోటు అదే. ఫ్రాన్స్‌లో 1993లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ చోట రుద్దితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూపించారు. రుద్దేవాడి గుండె సంగతి వాళ్ళు రాశారో లేదో గానీ మాది మాత్రం తగ్గేది.

బ్రష్ పట్టి రుద్దేటప్పుడు మనసు ఎటూ పోకుండా ఆ చేతి కిందే ఉండాలి. ఇక్కడ వెంట్రుక తడిగా ఉంది, ఇక్కడ మట్టి గడ్డ కట్టింది, ఇక్కడ చర్మం వేడిగా ఉంది అని ఒక్కొక్కటి గమనిస్తూ పోవడమే. మనసు సాయంత్రం పరీక్ష మీదికి పోతుంది, ఇంటి దగ్గరి అప్పు మీదికి పోతుంది. పోయిందని తెలిసినప్పుడు తిట్టుకోకుండా మళ్ళీ చేతి కిందికి తెచ్చుకోవాలి. ఇప్పుడు పెద్ద ఊళ్ళలో డబ్బు కట్టి నేర్చుకుంటున్న ‘మైండ్‌ఫుల్‌నెస్’ అంటే ఇంతే. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో, మందులతో నొప్పి తగ్గని రోగుల కోసం దీన్ని పాఠంగా మొదలుపెట్టాడు. మూలం మాత్రం బౌద్ధుల ధ్యానమే. పాళీలో ‘సతి’ అంటారు. ఎరుక అని మన మాట. మన నేల మీదే, కృష్ణ ఒడ్డున అమరావతిలో, నాగార్జునకొండలో భిక్షువులు చేసిన సాధన ఇంత చుట్టు తిరిగి మళ్ళీ మన దగ్గరికి ఇంగ్లీషు పేరుతో వచ్చింది.

తరువాత ఊపిరి. ఇది మీరు ఇప్పుడే, ఈ సంచిక చేతిలో ఉండగానే చేసి చూడవచ్చు. ఎడమ మణికట్టు మీద కుడి చేతి వేళ్ళు పెట్టి నాడి పట్టుకోండి. నెమ్మదిగా ఊపిరి పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వడిగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం కొందరికి స్పష్టంగా తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం ఊపిరి వదిలేటప్పుడు గుండెకు కళ్ళెం వేస్తుంది. కాబట్టి పీల్చడానికి నాలుగు అంకెలు, వదలడానికి ఆరు అంకెలు లెక్కపెట్టుకుంటే చాలు. గుర్రం పక్కన నిలబడి ఇలా ఆరేడుసార్లు చేయాలి. లోపలికి ఎక్కువ పీల్చాలని కష్టపడితే తల తిరుగుతుంది. వదలడమే ముఖ్యం. ‘సాస్ ఛోడ్, బేటా, సాస్ ఛోడ్’ అని మైదానం మధ్యలో నిలబడి ఉస్తాద్ అరిచే అరుపు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. ఊపిరి వదిలెయ్, నాయనా, అని.

చూపు సంగతి చాలామంది పట్టించుకోరు. భయపడ్డవాడు గుర్రం మెడ వైపో, తాను పడబోయే నేల వైపో కళ్ళు పొడుచుకుని చూస్తాడు. సాలీ స్విఫ్ట్ అని అమెరికాలో ఒక స్వారీ గురువు ఉండేది. చిన్నప్పటి నుంచి వెన్నెముక వంకర ఉన్న మనిషి. ఆమె 1985లో వచ్చిన తన పుస్తకం ‘సెంటర్డ్ రైడింగ్’లో మెత్తని చూపు అనే మాట వాడింది. ఒక చోటే గుచ్చి చూడకుండా, ఎదురుగా ఉన్న చెట్టును చూస్తూనే దాని రెండు పక్కల ఉన్న గోడనూ, ఆకాశాన్నీ, కింద గుర్రం చెవులనూ కలిపి చూడటం. వాలీబాల్ ఆడేవాళ్ళు మన గ్రౌండులోనే ప్రయత్నించి చూడండి. చూపు మెత్తబడగానే మెడ మెత్తబడుతుంది, మెడతో భుజాలు దిగుతాయి. ఊపిరి బొడ్డు కిందికి పోతున్నట్టు అనుకోమంటుంది ఆమె. అప్పుడు బరువు జీనులోకి దిగుతుంది, మడమలు కిందికి వస్తాయి.

ఇదంతా చేసేలోపు జీను పట్టీ చూసుకోవడం మరిచిపోకూడదు. పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి, నాలుగడుగులు నడిచాక వదులవుతుంది. రెండోసారి బిగించని జీను మీద ఎంత ధ్యానం చేసినా పక్కకు జారి పడతాం. అలాగే భయం ప్రతిసారీ అబద్ధం కాదు. కళ్ళలో తెలుపు కనపడేలా చూస్తూ, చెవులు మెడకు అంటించి, వెనక కాలు ఎత్తి పెడుతున్న గుర్రం దగ్గర భయం వేస్తే ఆ భయం మాట వినాలి. ఊపిరి కుదుటపడితే తెలిసే విషయాల్లో ఇదొకటి. వచ్చిన భయం గుర్రానిదా మనదా అని విడదీసుకోవచ్చు.

మాది అనుకున్న భయం ఎక్కడిది?

ఈ విడదీయడం మొదలుపెట్టాక మాకు ఒకటి తెలిసింది. పడిపోతామన్న భయం మాలో సగమే. మిగతా సగం ఇంకెక్కడిదో.

మా తాత ఊళ్ళో దొర గుర్రానికి గడ్డి వేసేవాడు. ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడు, లాడాలు కొట్టించడానికి నడిపించుకుపోయేవాడు. కళ్ళెం పట్టుకుని మైళ్ళు నడిచాడు. ఒక్కరోజు కూడా ఎక్కలేదు. ఎక్కాలన్న ఆలోచన ఆ ఊళ్ళో మా వాడకట్టు వాళ్ళకు వచ్చే వీలే లేదు. దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకునే రోజులవి. మా బాపు కూలికి పోయి మమ్మల్ని చదివించాడు. మా ఇంట్లో డిగ్రీ కాగితం చూసింది మేమే మొదలు.

యూనిఫాంలో, బూట్లతో చాందినీ మీద కూర్చుని తీయించుకున్న ఫొటోను సెలవులకు పోయినప్పుడు ఇంటికి పట్టుకుపోయాం. అప్పటికి పడలేదు. ఫొటో కోసం ఉస్తాద్ స్వయంగా కళ్ళెం పట్టుకుని నిలబడ్డ రోజు అది. నాయనమ్మ ఫొటో చేతిలోకి తీసుకుంది. సంతోషిస్తుందనుకున్నాం. ఆమె వాకిలి వైపు చూసి, ఫొటో చీర కొంగు కింద పెట్టుకుని అన్న మాట: ‘దిగు బిడ్డా, ఎవలన్న చూస్తరు.’

ఫొటోలో ఉన్నవాడిని దిగమంది.

అది పాతకాలపు ముసలమ్మ భయం అని కొట్టిపారేయలేం. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలో సొంతంగా గుర్రం కొనుక్కుని తిరుగుతున్న ఇరవై ఒక్కేళ్ళ దళిత యువకుడిని చంపేశారు. గుర్రం ఎక్కవద్దని అంతకు ముందు నుంచీ బెదిరిస్తున్నారని అతని తండ్రి చెప్పాడు. దేశంలోని పత్రికలన్నీ రాశాయి. అదే సంవత్సరం ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్ళికొడుకు ఊరి వీధుల్లో ఊరేగడం కోసం హైకోర్టు దాకా పోయాడు, చివరికి జూలైలో పోలీసు బందోబస్తు మధ్య ఊరేగాడు. మేము అప్పుడు హైస్కూల్లో ఉన్నాం. స్టడీ అవర్‌లో ఈ వార్తలు పేపర్లో చదువుకున్నాం. రికాబులో కాలు పెట్టిన ప్రతిసారీ ఊపిరి ఆగడంలో ఇవేవీ లేవని ఎలా అనుకోవాలి?

అయితే నాయనమ్మ ఆ రోజు రాత్రి ఇంకో మాట కూడా చెప్పింది. పడుకున్నాక, ఫొటో మళ్ళీ తీసి చూసుకుంటూ. ‘కోపమొచ్చిన నాడు మీ తాత గుర్రం కాడికి పోకపోతుండె. అరుగు మీద కూసోని, సల్లవడ్డంక పోతుండె. గుర్రానికి తెలుస్తదట.’

రెండు వేల నాలుగు వందల సంవత్సరాల క్రితం గ్రీకు దేశంలో జెనోఫన్ అనే సైనికుడు స్వారీ మీద ఒక పుస్తకం రాశాడు. కోపంతో గుర్రం దగ్గరికి ఎన్నడూ పోవద్దు అన్నది అందులో ఆయన ముఖ్యంగా చెప్పిన సలహా. లైబ్రరీలో ఆ సంగతి చదివినప్పుడు మాకు జెనోఫన్ కంటే ముందు మా ఇంటి అరుగు గుర్తొచ్చింది. సంతకం పెట్టడం రాని మనిషి, ఒక్కసారి కూడా ఎక్కని గుర్రం దగ్గర అదే పాఠం నేర్చుకున్నాడు. గుర్రమెక్కని తాత దగ్గరా, పాఠం చెప్పిన ఉస్తాద్ దగ్గరా ఉన్నది ఒకటే విద్య. మేము సిగ్గుపడిన తాత పని మా సిలబస్‌లో ఉందని మాకు అప్పుడు తెలిసింది.

రెండోసారి

సెలవుల నుంచి తిరిగి వచ్చాక, పడటమూ ఆ వారం రోజుల మాలీసూ అయ్యాక, ఒక మంగళవారం మళ్ళీ చాందినీ మా వంతుకు వచ్చింది. ఉస్తాద్ ఏమీ అనలేదు. మేము ఎడమ వైపు నిలబడి మూపు మీద చెయ్యి వేశాం. చెయ్యి వణుకుతోంది. ఈసారి దాన్ని దాచలేదు. చెయ్యి వణుకుతోంది, కడుపులో చల్లగా ఉంది, నోరు ఎండిపోయింది అని మాలో మేము ఒక్కొక్కటీ లెక్క రాసుకున్నట్టు అనుకున్నాం. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదిలి, మళ్ళీ. నాయనమ్మ అన్న ‘దిగు బిడ్డా’ అన్న మాట కూడా వచ్చింది. దాన్నీ వచ్చిందని అనుకున్నాం, పొమ్మనలేదు.

ఎన్నో ఊపిరి దగ్గరో లెక్క తప్పింది. అప్పుడే చాందినీ తల కిందికి దించి, ముక్కుపుటాలు అదిరేలా పెద్దగా ఊపిరి వదిలింది. గుర్రం నోటితో ఊపిరి తీయలేదు, అంతా ముక్కుతోనే. ఒళ్ళు సడలినప్పుడు అలా బుస్సుమని వదులుతుంది. తరువాత నాలుకతో పెదవులు తడుపుకుంది. మేము రికాబులో కాలు పెట్టాం. ఊపిరి వదులుతూ ఎక్కాం. వదులుతూ కూర్చున్నాం. అది ఒక చెవి మా వైపు తిప్పి నిలబడింది. మైదానం చుట్టూ నడకలో ఒక్క చుట్టు, అంతే. ట్రాట్ కూడా కాదు. ఉస్తాద్ తన చుట్ట వెలిగించుకుని అటు తిరిగి నిలబడ్డాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన ఎవరికీ ఇవ్వగా మేము చూడలేదు.

ఆ తరువాత కూడా రెండుసార్లు పడ్డాం. ‘సి’ సర్టిఫికెట్ వచ్చింది, పతకాలేమీ రాలేదు. ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపుకు ఎంపికవుతామనుకున్నాం, కాలేదు. అబద్ధం రాయడం ఎందుకు? 2014 మే 25న మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వాళ్ళు కూడా ముందు భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టుకుని నేర్చుకున్నవాళ్ళే. మాది ఎవరెస్టు కాదు, మైదానం చుట్టూ ఒక్క చుట్టు. అయినా పి.జి. మొదటి సెమినార్‌లో ఇంగ్లీషులో మాట్లాడటానికి లేచినప్పుడు మాకు ఉపయోగపడింది ఆ చుట్టే. కళ్ళు మెత్తగా పెట్టుకుని, వెనక బెంచీల దాకా ఒకేసారి చూస్తూ, మొదటి వాక్యానికి ముందు ఊపిరి వదిలాం. గొంతు వణికింది, కానీ ఆగలేదు. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం బోర్లా పెట్టి ఉన్న ఆ రెండు నిమిషాల్లో మీరూ చేసి చూడవచ్చు. చదవకుండా పోయినవాడికి మాత్రం ఏ ఊపిరీ మార్కులు వేయదు.

బుద్ధుడు కూడా గుర్రం మీదే ఇల్లు విడిచాడు. ఆ గుర్రం పేరు కంథకం. అమరావతి శిల్పాల్లో ఆ ఘట్టం ఉంది. గిట్టల చప్పుడుకు ఊరు లేవకుండా యక్షులు దాని కాళ్ళను అరచేతుల్లో పట్టుకుని మోస్తుంటారు. మొన్న సెలవుల్లో ఆ శిల్పం బొమ్మ పుస్తకంలో నాయనమ్మకు చూపించాం. కాళ్ళు పట్టుకున్నవాళ్ళెవరని అడిగింది. చెప్పాం. ఆమె చాలాసేపు వాళ్ళనే చూసింది, పైన కూర్చున్నాయనను కాదు. మా ఫొటో ఇప్పుడు గోడ మీద ఉంది, దేవుళ్ళ పటాల పక్కన కాకుండా తాత పటం కింద. వాకిట్లోకి వచ్చినవాళ్ళకు కనపడుతుంది.

కొత్తగా చేరిన తమ్ముళ్ళకు చివరిగా ఒకటి. స్వారీ బూట్లు కొనడానికి ఇంట్లో అప్పు చేయించకండి. మావి వాచ్‌మన్ తాత గదిలో, పాత ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఎనిమిదో నంబరు. మాకూ పెద్దవే అయ్యేవి, వేళ్ళ దగ్గర దూది పెట్టుకునేవాళ్ళం. ఎడమ బూటు అడుగు ఒకసారి కుట్టించాలి. మోచేతులకు కొబ్బరినూనె సీసా కూడా అందులోనే ఉంది. చాందినీకి ఇప్పుడు వయసు మళ్ళింది, స్వారీకి వాడటం లేదని విన్నాం. గుర్రపుశాల చివరి అరలో ఉంటుంది. పోయినప్పుడు మూపు మీద కాసేపు రుద్ది రండి.